ప్రీమియర్ పద్మిని కారుకి పాత మారుతి 800 కార్బ్యురేటర్: పెట్టినవాళ్లు చెప్పండి

గుంటూరు_పద్మిని: మా నాన్నగారి 1985 బండి. దాని సోలెక్స్ కార్బ్యురేటర్‌ (గాలి, పెట్రోలు కలిపేది)లో థ్రాటిల్ షాఫ్ట్, అంటే గాలి మూతని తిప్పే కడ్డీ, అరిగి ఊగుతోంది, ఐడ్లింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజన్ నడవడం) నిలవడం లేదు. మారుతి 800ది పాతది తెచ్చి బిగిస్తానంటున్నాడు మెకానిక్. మధ్యలో బిగించే అడాప్టర్ ప్లేటు ఎక్కడ చేయించాలి? పెడల్ నుంచి పద్మినికి రాడ్డు, మారుతికి కేబులు కదా, ఆ లింకేజీ ఎలా? మైలేజీ పెరుగుతుందా?

ఆటోనగర్_బాబాయ్: షాఫ్ట్ అరిగితే కార్బ్యురేటరే మార్చేస్తారా? ఆ సందులోంచి గాలి లాగుతుంది, పెట్రోలు పాలు తగ్గి మిక్చర్ పల్చబడుతుంది, అంతే. బాడీ బోరు చేసి ఇత్తడి బుష్షులు వేయించు. బెజవాడ ఆటోనగర్‌లో మంచి లేతు పనివాడికి ఇదో పనే కాదు. ఒరిజినల్ సోలెక్స్‌కి సాటి లేదు.

800_రమణ: బాబాయ్ గారూ, బుష్షులు వేసినా బేస్ ఫ్లాంజ్ (కింద బిగించే అంచు) వంగిపోయి ఉంటే ఏం లాభం? నా పద్మినికి మారుతిదే ఉంది, హైవే మీద బ్రహ్మాండంగా లాగుతోంది. రెండు బ్యారెల్స్ (గాలి దారులు), రెండోది గట్టిగా తొక్కితేనే తెరుచుకుంటుంది. తమ్ముడూ, కొనేముందు షాఫ్ట్ ఊపి చూడు, ఫ్లాంజ్ అద్దం మీద పెట్టి చూడు, ఐడిల్ సోలెనాయిడ్‌కి (ఐడ్లింగ్ పెట్రోలు తెరిచే కరెంటు వాల్వు) 12 వోల్టులు ఇస్తే టక్కుమనాలి. ప్లేటు మందంగా చేయించి కింద వేడి ఎక్కనివ్వని బేకలైట్ పెట్టు, ఎండాకాలం పెట్రోలు మరిగి ఆవిరవకుండా ఉంటుంది.

సికింద్రాబాద్_అంబీ: పాతది కొంటే జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) తప్పకుండా చూసుకోండి. నా అంబాసిడర్‌కి కొన్న దాంట్లో మెయిన్ జెట్‌ని ఎవడో మహానుభావుడు డ్రిల్లు పెట్టి పెద్దది చేశాడు. పైన ఉన్న నంబరు ఒకటి, లోపలి రంధ్రం ఇంకొకటి. ప్లగ్గులు మసిబారి, వాసన భరించలేక మా ఆవిడ బండెక్కడం మానేసింది.

ఆటోనగర్_బాబాయ్: చేత్తో రీమర్ (రంధ్రం పెద్దది చేసే పనిముట్టు) తిప్పితే ఏమీ కాదు. మారుతి 796 సీసీ ఇంజన్ జెట్ పద్మిని 1089కి ఎలా సరిపోతుంది? పెంచాల్సిందే.

ఫ్యూయల్_ఇంజనీర్: తప్పు. నేను కార్బ్యురేషన్ మీదే పనిచేసినవాణ్ణి. లోపలికి వెళ్లే గాలిని బట్టే వెంచురీ (కార్బ్యురేటర్‌లోని ఇరుకు గొంతు) పెట్రోలు లాగుతుంది. ఇంజన్ పెద్దదైతే గాలీ ఎక్కువ, పెట్రోలూ ఎక్కువ. సీసీ లెక్కన జెట్ పెంచడం అజ్ఞానం. జెట్ నంబరంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 120ని 130 చేస్తే వైశాల్యం 17 శాతం పెరుగుతుంది, అది చిన్న మార్పు కాదు!

ఆటోనగర్_బాబాయ్: అజ్ఞానమా? నా చేతుల్లో నడిచిన బండ్లు నీ లెక్కల పుస్తకంలో పట్టవు.

సికింద్రాబాద్_అంబీ: రీమర్ తిప్పినవాళ్ల పాపం మాలాంటివాళ్లం మోస్తున్నాం బాబాయ్.

ఫ్యూయల్_ఇంజనీర్: జెట్ మార్చాల్సింది ఇ20 పెట్రోలు కోసం. అందులో ఇథనాల్ 20 శాతం, దాంట్లోనే ఆక్సిజన్ ఉంటుంది. ఉత్త పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి దాదాపు 13.5. అంటే పాత సెట్టింగు మీద బండి పల్చగా నడుస్తుంది. 120 ఉన్నచోట 125 కొత్త జెట్ వేస్తే వైశాల్యం సుమారు 8.5 శాతం పెరుగుతుంది, సరిపోతుంది. డ్రిల్లు అక్కర్లేదు.

800_రమణ: ఇ20 అన్నారు కాబట్టి, పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు కూడా మార్చండి. పాత రబ్బరు ఉబ్బిపోతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

డల్లాస్_ఎంజీ: ఇక్కడ నా ఎంజీబీ కారుది 1798 సీసీ, మన అంబాసిడర్ 1489 ఇంజన్‌కి అన్న వరస, రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ బి సిరీసే. జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు. వాటిలో జెట్ మార్చే పనిలేదు, దాంట్లో కదిలే నీడిల్ (సూది) మారిస్తే చాలు. అంబీకి ఎస్‌యూ పెట్టినవాళ్లున్నారా?

సికింద్రాబాద్_అంబీ: నాకూ అదే ఆశ అన్నా. దానికి సరిపడే మ్యానిఫోల్డ్ (కార్బ్యురేటర్‌ని ఇంజన్‌కి కలిపే గొట్టం) దొరికితే చెప్పండి, హైదరాబాద్ జాంబాగ్ అంతా తిరిగాను.

గుంటూరు_పద్మిని: అయ్యా, నా లింకేజీ?

800_రమణ: రాడ్డు తీసెయ్, పెడల్ నుంచి కేబుల్ లాగు. కేబుల్ తొడుగుకి గట్టి బ్రాకెట్ వేయించు, మ్యానిఫోల్డ్ స్టడ్డుకే బిగించు. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు బటర్‌ఫ్లై (గాలి మూత) నిటారుగా నిలవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టు, ఒకటి తెగినా థ్రాటిల్ మూసుకోవాలి. మైలేజీ సంగతి ట్యూనింగ్ అయ్యాక చూద్దాం.

ఆటోనగర్_బాబాయ్: ఆ సోలెక్స్ మాత్రం పారేయకు. బుష్షులు వేయించి నాకు పంపు, నేను కొంటాను.