కంచెనా, కంచేనా?

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తున్నాను. వెండి స్ఫటికం మీద కోబాల్ట్ పరమాణువులూ, రెండు కొసలా సయనో గుంపులు (కార్బన్-నైట్రోజన్ జంటలు) ఉన్న పొడవాటి అణువులూ వాటంతటవే కలిసి తేనెపట్టులా ఆరు మూలల గదులు కడతాయి. ఒక్కో కోబాల్ట్ ముడికి మూడు అణువులు. వెండి పైపొరలో తిరిగే ఎలక్ట్రాన్ ఆ గదిలో చిక్కి అలలా నిలబడుతుంది, కొంత మాత్రం గోడ దాటి పక్క గదిలోకి పోతుంది. ఇక్కడ కంచె సామెత వేయాలని ఉంది. మా నాయనమ్మ ‘కంచె చేను మేసినట్టు’ అనేదా, ‘కంచే’ అనేదా? రాత్రి నుంచీ ఆ దీర్ఘం వదలడం లేదు.

— దీర్ఘం ఉండాల్సిందే. కాయాల్సిందే తినేసిందన్న బాధంతా ఆ ఏకారంలోనే ఉంది.

— ‘మేస్తే’ ముందు దీర్ఘం, ‘మేసినట్టు’ ముందు హ్రస్వం. మా ఇంట్లో అంతే. అయినా మీ గదికి ఈ సామెత అతకదండీ. గోడ దాటడం వేరు, గోడే మేయడం వేరు. 1993లో కాలిఫోర్నియాలోని ఐబీఎం ల్యాబులో రాగి మీద 48 ఇనుప పరమాణువులను సూదిమొనతో ఒక్కొక్కటే జరిపి వలయం కట్టారు. తగిలిన అలలో కొంత భాగాన్ని ఆ ఇనుమే రాగి లోపలికి పంపేస్తుంది. కంచె మేయడమంటే అదీ!

— ఆ వలయానికి ఇంగ్లీషు పేరే పశువుల దొడ్డి. మనమూ దొడ్డి అందాం.

— క్లాసులో దొడ్డి అంటే పిల్లలు నవ్వుతారు సార్. దడి అనండి.

— ఎందుకు నవ్వాలి? మా గద్వాల వైపు కేటీ దొడ్డి అని మండలమే ఉంది. మా బందెలదొడ్డిలో కర్రల మధ్య జానెడు సందు ఉండేది. దూడ మూతి బయటపెట్టి అవతలి గడ్డి లాగేది. మీ ఎలక్ట్రాన్ చేస్తున్నదీ అదే.

— చేను, దొడ్డి అంటే పోతనే గుర్తొస్తాడు. ‘హాలికులైన నేమి’ అనగలిగినవాడు! ఆ వెంటనే వచ్చేది కౌద్దాలికులా, గౌద్దాలికులా?

— కౌద్దాలికులే, అంటే దుంపలు తవ్వుకుని బతికేవాళ్లు. పద్యంలో ముందున్న ‘కందమూల’తో సంస్కృత సమాసం కదా, కకారం గకారం ఎందుకవుతుంది?

— మా మాస్టారు ‘గౌ’ దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవారు. వ్యాకరణం మీరన్నట్టే ఉన్నా నా నోరు ‘గౌ’ అనే అంటుంది మేడం.

— ప్రశ్న వేసింది నేనే. గదికి దొడ్డి అనే రాశాను. ఆ దూడ మూతిని వాడుకోవచ్చా?

— నిక్షేపంగా. దీర్ఘం మాత్రం తీసేయకండి.