అప్పకి మొదటి మంచి వాచీ: 40 వేలలో ఏది చూసుకోవాలి?

రాజాం రోడ్డు: మా అప్ప (అక్క) శ్రీకాకుళంలో కాలేజీ లెక్చరర్. ఇంతవరకు రెండు వేలు దాటిన వాచీ పెట్టుకోలేదు. ఈసారి పది పదిహేనేళ్లు నిలిచేది ఒకటి ఇద్దామని ఇంట్లో అందరం కలిసి 40 వేలు అనుకున్నాం. మణికట్టు చిన్నది, చుట్టూ కొలిస్తే 14.5 సెంటీమీటర్లు. రోజూ బస్సు ప్రయాణం, చెమట ఎక్కువ. ఆటోమేటిక్ కొనమని కొందరు, బ్యాటరీదే నయమని కొందరు. దేన్ని చూసి తేల్చుకోవాలి?

గంటస్తంభం: బ్రాండు తర్వాత, ముందు కొలత చూడండి. డయల్ వెడల్పు ఎంతని అందరూ అడుగుతారు గానీ, చేతిమీద వాచీ కుదురుగా కూర్చుంటుందో లేదో తేల్చేది నిలువు పొడవు. అంటే పైన బెల్టు తగిలించే కొస నుంచి కింది కొస దాకా. షోరూంలో 'లగ్ టు లగ్' ఎంతని అడగండి. మీ అప్పగారి మణికట్టు మీద చదునుగా ఉన్న భాగాన్ని స్కేలుతో కొలవండి, వాచీ లగ్ టు లగ్ పొడవు ఆ కొలత కంటే ఓ 5 మిల్లీమీటర్లు తక్కువుండాలి. 14.5 చుట్టుకొలతకి 26 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు కేసు (వాచీ డబ్బీ), 38 లోపు పొడవు చక్కగా అమరుతాయి. మించితే కొసలు పైకి లేచి కొంగుకీ బ్యాగు పట్టీకీ తగులుకుంటాయి. కొలత సాయంత్రం తీసుకోండి. ఎండకి, పనికి చెయ్యి కాస్త ఉబ్బి ఉంటుంది, వాచీ బిగుతయ్యేదీ ఆ వేళకే.

ఇక ఆటోమేటిక్ మాట. దానికి బ్యాటరీ ఉండదు, చెయ్యి కదిలినప్పుడు లోపల రోటర్ అనే బరువు ముక్క తిరిగి కీ ఎక్కిస్తుంది. చిన్న కేసులో ఆ రోటర్ కూడా చిన్నదే కాబట్టి కూర్చుని చేసే పనిలో సరిగా కీ ఎక్కదు. సాధారణంగా 40 గంటల నిల్వ ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తీసి పక్కన పెడితే సోమవారం ఉదయానికి ఆగి ఉంటుంది. మళ్లీ టైమూ తేదీ పెట్టాలి. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీని నేరుగా తిప్పకూడదు. అప్పటికే లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది. రోజుకి 10, 20 సెకన్ల తేడా మామూలే. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్‌కి నెలంతా కలిపినా 15 సెకన్ల చుట్టూ ఉంటుంది. పీరియడ్ బెల్లు చూసుకోవాల్సిన మనిషికి, పైగా మొదటి మంచి వాచీకి, నా ఓటు క్వార్ట్జ్‌కే. ఈ డబ్బులో స్విస్ కంపెనీ టిస్సో ఆడవాళ్ల క్వార్ట్జ్ మోడళ్లు దొరుకుతాయి.

నాగావళి గట్టు: క్వార్ట్జే అయితే జపాన్ కంపెనీ సిటిజన్ చేసే ఎకో డ్రైవ్ వాచీలు కూడా చూడండి. డయల్ కింద వెలుతురుతో ఛార్జయ్యే పలక ఉంటుంది, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ మార్చే పని లేదు. బీరువాలో నెలల తరబడి పెట్టేసే అలవాటుంటే మాత్రం వద్దు, చీకట్లో ఉంటే ఆగిపోతుంది. 40 వేలు పూర్తిగా ఖర్చు కానక్కర్లేదు కూడా.

అద్దం విషయంలో రాజీ పడొద్దు. సఫైర్ గ్లాసే తీసుకోండి. గట్టిదనాన్ని 10 దాకా లెక్కించే మోస్ కొలతలో సఫైర్ 9, ఇసుక రేణువు 7, మామూలు మినరల్ గ్లాసు అంతకంటే తక్కువ. అందుకే బస్సు దుమ్ములో ఏడాదికే గీతలు పడతాయి. అయితే సఫైర్ తేలిగ్గా గీత పడదు గానీ గచ్చు మీద పడితే పగలొచ్చు.

వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే ఈత కొట్టొచ్చని కాదు. చేతులు కడిగినప్పుడు పడే చినుకులకి సరిపోతుంది, అంతే. 50 ఉంటే వానలో నిశ్చింత, ఈతకి 100 కావాలి. వేడినీళ్ల స్నానానికి ఏదీ వద్దు, రబ్బరు వాషర్లు త్వరగా పాడవుతాయి.

రాజాం రోడ్డు: ఇద్దరికీ ధన్యవాదాలండీ. అప్పకి గాజులాగా ఉండే బంగారు రంగు వాచీ ఇష్టం. అది ఫర్వాలేదా? గాజులున్న చేతికే పెట్టుకుంటానంటుంది.

గంటస్తంభం: ఆ రెండూ వద్దని గట్టిగా చెబుతాను తమ్ముడూ. గాజు వాచీలకి చైను కేసులో కలిసిపోయి ఉంటుంది. ఒక ముక్క విరిగితే అదే కంపెనీ దగ్గర అదే ముక్క దొరకాలి, మోడల్ ఆగిపోతే వాచీ మూలన పడ్డట్టే. విడిగా ఊడే చైను, 12, 14, 16 మిల్లీమీటర్ల బెల్టు పట్టేది తీసుకుంటే ఎక్కడైనా మార్చుకోవచ్చు. బంగారు పూత మన తీరప్రాంతపు ఉక్కకి, చెమటకి ముందు చైను అంచుల్లోనూ కేసు వెనకా పోతుంది. రంగు తప్పదనుకుంటే మామూలు పూత కాకుండా పీవీడీ (లోహాన్ని ఆవిరి చేసి పట్టించే) పూత అడగండి, అది గట్టిది. చర్మం దురద పెట్టే మనిషైతే 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలో టైటానియమో మేలు. తోలు బెల్టు రోజూ వాడితే చెమటకి పాడై వాసనొస్తుంది, పెళ్లిళ్లకి ఉంచుకోండి.

గాజుల మాట: స్టీలు 22 క్యారెట్ల బంగారం కంటే చాలా గట్టిది. రోజంతా రాసుకుంటే అరిగేది బంగారమే. వాచీ ఎడమ చేతికి, గాజులు కుడి చేతికి పెట్టుకోమనండి.

నాగావళి గట్టు: కొనేటప్పుడు చైను మీ ఎదుటే సరిచేయించండి, చిటికెన వేలు దూరేంత సందు చాలు. తీసిన ముక్కలు, పిన్నులు అడిగి తెచ్చుకోండి, ఒళ్లు వచ్చినప్పుడు అవే కావాలి. బిల్లు మీదా వారంటీ కార్డు మీదా సీరియల్ నంబరు వాచీ వెనకున్నదే అయ్యుండాలి, కార్డు మీద తేదీ, షాపు ముద్ర ఉండాలి. సర్వీసు ఎక్కడ చేస్తారో డబ్బు కట్టకముందే అడగండి. విశాఖ పంపాలంటే ఎన్ని వారాలో తెలుసుకోండి.

బ్యాటరీ వాచీ అయితే, సెకన్ల ముల్లు సెకనుకోసారి కాకుండా కొన్ని సెకన్లకోసారి గెంతడం మొదలెడితే బ్యాటరీ అయిపోతున్నట్టు (చాలా వాచీల్లో ఈ గుర్తు ఉంటుంది). ఆగిపోయాక లోపల వదిలేయకండి, కారి లోపలి తీగచుట్టని తినేస్తుంది. మార్పించేటప్పుడు మూత కింది రబ్బరు వాషర్ కూడా కొత్తది వేయమనండి. అది నలిగినా, దుమ్ము పట్టినా వానాకాలంలో అద్దం లోపల ఆవిరి కడుతుంది. అలా కట్టిన రోజే సర్వీసుకి ఇచ్చేయాలి, బియ్యం డబ్బాలో పెట్టి కూర్చుంటే ముళ్లు తుప్పు పడతాయి.