అప్‌డేట్: అమ్మకు డెక్సా స్కాన్ చేయించాము

మా ఊరి వైద్య శిబిరంలో మడమకు చేసిన అల్ట్రాసౌండ్ పరీక్ష ఆధారంగా 67 ఏళ్ల మా అమ్మకు ఎముకల మందులు మొదలుపెట్టవచ్చా అని కిందటి నెల అడిగాను. ఆ పరీక్ష వడపోతకే తప్ప నిర్ధారణకు చాలదని, డెక్సా (ఎముకల సాంద్రతను కొలిచే ఎక్స్‌రే స్కాన్) తప్పనిసరని చెప్పిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

అమలాపురం నుంచి కాకినాడ తీసుకువెళ్లి మొన్న చేయించాము. కాల్షియం మాత్రలు ముందురోజే ఆపించారు. చీర పిన్నులన్నీ తీయించి, వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద ఎత్తుగా దిమ్మె పెట్టి నడుమును, తరువాత పాదాన్ని లోపలికి తిప్పి పట్టీతో కట్టి తుంటిని స్కాన్ చేశారు. పావుగంటలో ముగిసింది. రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రేలను ఎముక, కండ ఎంతెంత పీల్చుకుంటాయో చూసి ఖనిజ సాంద్రతను లెక్కగడతారు. రేడియేషన్ మాత్రం ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువే.

టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి ఇచ్చే అంకె; సున్నా కన్నా ఎంత కిందికి పోతే సాంద్రత అంత తక్కువ) నడుము దగ్గర -1.4, తుంటి దగ్గర -2.7 వచ్చింది. నడుము అంకె చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను కానీ, వయసుతో వెన్నుపూసల అంచున పెరిగే ఎముక ముళ్లు కూడా అందులో కలిసిపోయి సాంద్రతను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతాయని, అందువల్ల తక్కువ అంకెనే నమ్మాలని డాక్టరుగారు ఫిల్ములో వేలుపెట్టి చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ప్రకారం -2.5, అంతకు తక్కువైతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. మడమ అంకెకు ఈ కొలత వర్తించదు. శిబిరంలో ఈ మాట ఎవరూ చెప్పలేదు, చెప్పవలసింది.

విటమిన్ డి, మూత్రపిండాల పరీక్షలు వచ్చాక మందు నిర్ణయిస్తారు. మళ్లీ స్కాన్ చేయించినప్పుడు పోలిక సరిగా కుదరాలంటే అదే యంత్రం మీద చేయించమన్నారు.