ఎన్‌డీఏ రాసి పైలట్ అయితే వ్యోమగామి కావచ్చా? తమ్ముడి కోసం అడుగుతున్నా

ప్రశ్న:
మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. మొన్నటిదాకా ఐఐటీ అన్నవాడు, ఎయిర్‌ఫోర్స్ పైలట్ శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఎన్‌డీఏ (సైనిక ఆఫీసర్లకి శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తా, పైలట్ అయ్యి అంతరిక్షానికి వెళ్తా అంటున్నాడు. నాన్నకి ఒకటే టెన్షన్. వాణ్ణి ఆపాలని నాకు లేదు, కానీ ఈ దారిలో వెళ్ళినవాళ్ళు అసలు ఎలా వెళ్ళారో తెలిస్తే చెప్పండి.

జవాబు 1:
రాకేశ్ శర్మ గారి సంగతే చూడండి. పుట్టింది పాటియాలాలో అయినా పెరిగింది, చదివింది మన హైదరాబాద్‌లోనే, నిజాం కాలేజీ విద్యార్థి. 1966లో ఎన్‌డీఏ, 1970లో పైలట్, ఆ మరుసటి ఏడే పాకిస్తాన్‌తో యుద్ధంలో మిగ్-21 యుద్ధ విమానం మీద 21 సార్లు వెళ్ళొచ్చారు. అప్పటికి మనవాళ్ళని అంతరిక్షానికి పంపే ఆలోచనే లేదు! 1982లో సోవియట్ యూనియన్‌తో కలిసి వెళ్ళడానికి ఆయన్నీ రవీశ్ మల్హోత్రా గారినీ ఎంపిక చేశారు. ఇద్దరూ మాస్కో దగ్గర వ్యోమగాముల శిక్షణ కేంద్రమైన స్టార్ సిటీలో ఒకే శిక్షణ పొందారు, కానీ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11 వ్యోమనౌక ఎక్కింది ఈ ఇద్దరిలో శర్మ గారొక్కరే. మల్హోత్రా గారు ఆయనకేమైనా అయితే వెళ్ళడానికి సిద్ధంగా ఉండి, కిందే ఉండిపోయారు. మీ తమ్ముడికి ఈ రెండో కథ కూడా చెప్పండి.

జవాబు 2:
నేను ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీ చేసి రిటైరయ్యాను. మన దేశం సొంతంగా మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే. టెస్ట్ పైలట్ అంటే విన్యాసాలు చేసేవాడు కాదమ్మా, కొత్త విమానం ఏ వేగంలో ఎలా స్పందిస్తోందో ఓపిగ్గా గమనించి, కిందికి దిగాక ఇంజినీర్లకి అంకెలతో సహా చెప్పగలిగినవాడు. వాళ్ళలో ఒకరైన శుక్లా గారు 2006లో ఆఫీసరయ్యారు, అంతరిక్షానికి వెళ్ళింది 2025 జూన్ 25న. మధ్యలో 19 ఏళ్ళు, దాదాపు 2,000 గంటల ఫ్లయింగ్. విమానం నడపడమే ఇష్టమైతేనే అన్నేళ్ళు నిలబడతాడు. ఇంకోటి, పైలట్ల ఎంపికలో సీపీఎస్‌ఎస్ అని, విమానం నడిపే సామర్థ్యం ఉందో లేదో కంప్యూటర్ మీద చూసే పరీక్ష ఉంటుంది, అందులో ఒక్కసారి తప్పితే మళ్ళీ రాయనివ్వరు.

జవాబు 3:
అమెరికాలో రాజా చారి గారిదీ ఇదే దారి. వాళ్ళ నాన్న హైదరాబాద్ నుంచి వచ్చినవారే. ఎఫ్-15 యుద్ధ విమానం నడిపి, టెస్ట్ పైలట్ అయ్యి, 2017లో నాసాకి ఎంపికయ్యారు. 2021 నవంబర్లో వెళ్ళి 177 రోజులు పైనే ఉన్నారు. కాకపోతే నాసాకి అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే, కాబట్టి మీవాడికి ఎన్‌డీఏనే సరైనది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. సీపీఎస్‌ఎస్ ఒక్కసారే అని వాడికి తెలీదు, విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మల్హోత్రా గారు ఆ తర్వాత ఏం చేశారు అని అడిగాడు.

జవాబు 2:
మంచి ప్రశ్న అడిగాడు. ఎయిర్‌ఫోర్స్‌లోనే కొనసాగి ఎయిర్ కమడోర్ అయ్యారమ్మా. ఢిల్లీ దగ్గరి హిండన్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఆయన చేతికింద నడిచింది. కీర్తి చక్ర అనే శౌర్య పురస్కారం కూడా ఇచ్చారు.