ఒడియా కాగితం మీద సంతకం పెట్టాను, ఇప్పుడు నా పాటకే క్లెయిమ్ వచ్చింది

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
రెండేళ్ల క్రితం బరంపురంలో ఒక స్టూడియోవాళ్లకు మా ఏటి మీద పాట పాడి ఇచ్చాను. మాటలు నావి, వరస మా అమ్మమ్మ దంపుళ్ల పాటది. 4,000 చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం తీసుకున్నారు. కాగితమంతా ఒడియా. మాట్లాడతాను గానీ చదవలేను. వీడియోలో నా పేరుకు బదులు ‘గ్రామీణ బృందం’ అని వేశారు. మొన్న అదే పాట యూట్యూబ్‌లో పెడితే గంట తిరగకుండా ఈ పాట హక్కు తమదంటూ వాళ్ల పేరు మీద క్లెయిమ్ వచ్చింది. ఏం చేయాలి?

డప్పు రాజు, గుణుపురం:
అక్కా, నాదీ ఇదే కథ. నేను 1,500కే పెట్టాను సంతకం. పోయింది పోయిందనుకుని ఊరుకున్నాను.

పాత గుమాస్తా, రాయగడ:
ఊరుకోకండి. అమ్మా, ముందు ఒక మాట చెప్పండి. వాళ్ల రికార్డింగునే పెట్టారా, మళ్లీ పాడారా? రికార్డింగు హక్కు సాధారణంగా దాన్ని తయారు చేయించినవారిదే. దాన్నే పెట్టి ఉంటే క్లెయిమ్‌తో పోట్లాడి లాభం లేదు.

మహేంద్రతనయ:
మళ్లీ పాడానండి. మా అరుగు మీద కూర్చుని, ఫోనులో. తాళానికి చెంబు వాయించాను. వెనక మేక అరుపు కూడా వినిపిస్తుంది!

పాత గుమాస్తా:
ఆ మేకే మీకు సాక్షి. అయితే గొడవ పాట మీదే. పాతకాలపు జానపద వరస ఎవరి సొత్తూ కాదు. మాటలు మీవి. కాపీరైట్ చట్టం, 1957లో 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసి ఇస్తే రాతలో ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఎక్కడ అన్నది తెలపాలి. కాలం రాయకపోతే ఆ రాత అయిదేళ్లకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ‘శాశ్వతంగా’ అని రాసి ఉంటే మాత్రం ఈ అయిదేళ్ల మాట పనికిరాదు. కాబట్టి కాగితం చూడనిదే ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, నన్ను కూడా.

కూచిపూడి టీచర్, బరంపురం:
పేరు సంగతి వదలకండి. 2012 సవరణతో ప్రదర్శకులకు తమ పేరు వేయమని అడిగే హక్కు వచ్చింది. ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్లు ఉంటుంది. గాయకులే కాదు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఆ చట్టంలో ప్రదర్శకులే. మా పిల్లలకు చెబితే నవ్వుతారు.

డప్పు రాజు:
నాలుగు వేల కోసం వకీలుకు పది వేలు ఎవరిస్తారు మాస్టారూ?

పాత గుమాస్తా:
పైసా ఇవ్వనక్కర్లేదు తమ్ముడూ. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవల సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఒక్కసారి వెళితే పని తేలదు. మా బంధువు ఒకావిడను మూడుసార్లు తిప్పారు. అయినా చివరికి నోటీసు వెళ్లింది, ఆ నోటీసు చూశాకే అవతలివాళ్లు ఫోను ఎత్తారు.

కూచిపూడి టీచర్, బరంపురం:
యూట్యూబ్‌లో అభ్యంతరం పెడితే జవాబుకు వాళ్లకు 30 రోజులుంటాయి. తొందరపడి నొక్కకండి, ఓడితే ఛానల్‌కే దెబ్బ తగలవచ్చు. కాగితం చదివించుకున్నాకే పెట్టండి. ఇకముందు ఎవరికైనా పాట ఇస్తే తెలుగులో ఒక ప్రతి కూడా రాయించి సంతకాలు తీసుకోండి.

మహేంద్రతనయ:
స్టూడియోవాళ్లు ప్రతి ఇవ్వలేదు గానీ, ఆ రోజు మా అబ్బాయి ఫోనులో ఫోటో తీశాడట. దొరికింది! పక్కింటి ఒడియా మాస్టారు చదివిపెట్టారు. పాట పేరు ఉంది, 4,000 ఉంది, ఎన్నేళ్లని మాత్రం ఎక్కడా లేదన్నారు.

పాత గుమాస్తా:
అమ్మా, ఆ ఫోటోను ఇప్పుడే ఇంకో చోట దాచండి. మీరు పాట రాసుకున్న నోటుపుస్తకం కూడా తీసి ఉంచండి.

మహేంద్రతనయ:
నోటుపుస్తకం ఉంది, సగం చెదలు తిన్నది. సోమవారం కోర్టుకు వెళుతున్నాను. రాజు తమ్ముడూ, నీ కాగితం కూడా పంపించు, ఒడియా మాస్టారుతో చదివిస్తాను.