శ్రవణం లేని పౌర్ణమికి శ్రావణమన్న పేరు చెల్లుతుందా?

నక్షత్రదర్శి:
పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రంతో కూడి ఉంటాడో దాని పేరే మాసానికి వస్తుందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. చిత్తతో చైత్రం, విశాఖతో వైశాఖం, కృత్తికతో కార్తికం. అయితే 2023లో నిజ శ్రావణ (అధిక మాసం తరువాత వచ్చే అసలు శ్రావణ) పౌర్ణమి ముగిసే వేళకు చంద్రుడు శ్రవణాన్నీ ధనిష్ఠనూ దాటి శతభిషంలో ఉన్నాడు. అటువంటి మాసాన్ని శ్రావణమనడం ఎంతవరకు సబబో తెలిసినవారు చెప్పాలి.

పంచాంగప్రియ:
పేరు నక్షత్రాన్ని బట్టి పుట్టినా, మాసాన్ని ఇప్పుడు నిర్ణయించేది సంక్రాంతి, అంటే సూర్యుడు కొత్త రాశిలోకి చేసే సంక్రమణం. సూర్యుడు మేషంలో ప్రవేశించే చాంద్రమాసం చైత్రం, సింహంలో ప్రవేశించేది శ్రావణం, ఏ సంక్రమణమూ లేనిది అధిక మాసం. ఆ సంక్రమణం మాసం మొదట్లోనైనా చివర్లోనైనా జరగవచ్చు కాబట్టి పౌర్ణమి చంద్రుడి స్థానం ఏటేటా మారుతూ దాదాపు ఒక రాశి మేర జరుగుతుంది. అందువల్లనే కార్తిక పౌర్ణమి ఒక ఏడు భరణిలో, మరొక ఏడు కృత్తికలో, ఇంకొక ఏడు రోహిణిలో వస్తుంది. 27 నక్షత్రాలను 12 మాసాలకు సమానంగా పంచడం ఎవరికీ సాధ్యం కాదు.

గట్టుమీదివాడు:
ఆషాఢ, భాద్రపద, ఫాల్గుణాలకు పూర్వ, ఉత్తర అని రెండేసి నక్షత్రాలున్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

నక్షత్రదర్శి:
నేను అడిగింది శ్రావణం గురించి. అదే ఏడాది అధిక శ్రావణ పౌర్ణమి ముగిసినప్పుడు చంద్రుడు శ్రవణంలోనే ఉన్నాడు. నక్షత్రం కుదిరిన మాసాన్ని అధికమని పక్కన పెట్టి, కుదరని మాసంలో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాం.

పంచాంగప్రియ:
ఒక్క ఏడాదిని పట్టుకొని శాస్త్రాన్నంతటినీ తప్పుపట్టడం న్యాయం కాదు. ఇంతకీ మీ అభ్యంతరం దేని మీద?

నక్షత్రదర్శి:
చెబుతాను. ఉద్యోగరీత్యా, మాసాన్ని పౌర్ణమితో ముగించే ఉత్తరాదిన ఉన్నప్పుడు మా నాన్నగారి తిథి మాఘ బహుళ పంచమి అని చెబితే, అక్కడి పురోహితుడు వారి మాఘ కృష్ణ పంచమి నాడు, అంటే మన పుష్య బహుళంలో, ఆబ్దికం పెట్టించాడు. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. పౌర్ణమిని చూసి పేరు పెట్టినవారు మాసాన్ని పౌర్ణమితోనే ముగించి ఉంటారు. అమావాస్యతో ముగించే మన లెక్కే దారి తప్పిందని నా నమ్మకం.

పంచాంగప్రియ:
ఆబ్దికం నెల ముందు జరగడం ఏ కొడుకుకైనా బాధే. కానీ దానికి మన లెక్కను తప్పంటే ఒప్పుకోను. పాణిని సూత్రం 'సాస్మిన్ పౌర్ణమాసీతి' ప్రకారం ఆ పౌర్ణమి మాసంలో ఉండాలి, చివరనే ఉండాలని అందులో లేదు. మనకది నడుమ వస్తుంది, వారికి చివర వస్తుంది, శుక్లపక్షం ఇద్దరికీ ఒకటే. మహాశివరాత్రిని మనం మాఘ బహుళ చతుర్దశి అంటాం, వారు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి అంటారు, జాగారం మాత్రం ఒకే రాత్రి చేస్తాం.

తీరవాసి:
1957లో అమలైన జాతీయ పంచాంగంలో చైత్రం మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న మొదలవుతుంది. అక్కడ పేర్లు ఇవే గాని చంద్రుడితో పనే లేదు.

నక్షత్రదర్శి:
దాన్నీ నేను సమర్థించను. ఆకాశాన్ని చూసి పెట్టిన పేరును ఆకాశంతోనే సరిచూడాలి.

పంచాంగప్రియ:
అయితే పౌర్ణమి భరణిలో వచ్చిన ఏడు అసలు కార్తికమే లేదని, ఆ నెల దీపాలు పెట్టనక్కరలేదని అంటారా? దీనికి సూటిగా సమాధానం చెప్పండి.