అప్‌డేట్: ఉద్యోగ పరిచయాలకు ఎంత సమయం పెట్టాలని అడిగినది నేనే

ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లో ఉద్యోగం వెతుకుతున్నానని, లింక్డ్‌ఇన్‌లో కొత్తవారిని కలుపుకోవడానికే రోజంతా సరిపోతోందని ఇంతకుముందు ఇక్కడ రాశాను. "ముందు పాత సహోద్యోగులను పలకరించండి" అని సలహా ఇచ్చిన మేడమ్‌కు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

జీడిమెట్లలో నాతో పనిచేసి, ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో ఉన్న ఒక సీనియర్‌కు ఇలా పంపాను: "అన్నా, మీ కంపెనీలో ఈ ఉద్యోగ ఖాళీ చూశాను, దాని నంబరు ఇది. హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) మీద నాలుగేళ్లు పనిచేశాను. మీ ల్యాబ్‌లో ఏ పని ఎక్కువో పది నిమిషాలు చెప్పగలరా?"

ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. అక్కడ డిసొల్యూషన్ పరీక్షలు (మాత్రలోని మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసేవి) ఎక్కువట. రెజ్యూమెలో ఎక్కడో అడుగున ఉన్న ఆ అనుభవాన్ని పైకి తెచ్చాను. ఆ ఉద్యోగ ఖాళీ నంబరు చేతిలో ఉంది కాబట్టి, సిఫారసు చేయడం ఆయనకూ తేలికైంది. "ఏదైనా ఉంటే చూడండి" అని రాస్తే, వెతికే భారం ఎదుటివారి మీద పడుతుంది. ఎంత మంచివారైనా అక్కడే వాయిదా వేస్తారు.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ ఇలాంటి దూరపు పరిచయాల విలువ గురించి 1973లోనే రాశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు అప్పుడప్పుడు మాత్రమే కలిసేవారి నుంచి అందిందట. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది.

ఆ ఉద్యోగంలో వచ్చే నెల చేరుతున్నాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.